బాణం ఎవరు వేశారని అడగొద్దు





మన విహారాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడని ఒక సంగతి ఈసారి మాట్లాడుకుందాం. పున్నమికి కలుస్తాం, బుద్ధవందన చేస్తాం, పంచశీలాలు చెప్పుకుంటాం. ఏప్రిల్ 14 వస్తే ఊరేగింపు, డిసెంబరు 6 వస్తే కొవ్వొత్తులు. ఈ మధ్యలో ఒక ఉపాసిక రావడం మానేస్తుంది. ఏమైందని అడిగితే పక్కనున్నావిడ గొంతు తగ్గించి, "ఆమెకి ఆ జబ్బంట" అంటుంది. అంతటితో మాట ఆగిపోతుంది. ఆమె కూడా మన లెక్కలోంచి పోతుంది.

ఆ జబ్బుకి పేరుంది. హెచ్‌ఐవి. పేరు పెట్టే మాట్లాడదాం. దుఃఖం ఉందని ఒప్పుకోవడం దగ్గరే బుద్ధుడి ధమ్మం మొదలైంది గదా. పేరెత్తడానికే భయపడే దుఃఖానికి నివారణ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ముందు కొన్ని నిజాలు. మన దేశంలో హెచ్‌ఐవి ఉన్నట్టు మొదటిసారి తెలిసింది 1986లో, మద్రాసులో, డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల చేయించిన పరీక్షల్లో. ఇప్పుడు దేశంలో దాదాపు 25 లక్షల మంది హెచ్‌ఐవితో బతుకుతున్నారు. వాళ్లలో నూటికి 44 మంది దాకా ఆడవాళ్లే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లోనూ హెచ్‌ఐవి ఉన్నవాళ్ల నిష్పత్తి దేశ సగటు కంటే ఎక్కువ. కాబట్టి ఇది ఎక్కడో బొంబాయి సంగతి అనుకోవద్దు. మన వాడల సంగతి, మన మండలం సంగతి.

ఒక మంచి మాట కూడా ఉంది, అది చాలామందికి ఇంకా చేరలేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టి మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి అయితే, ఒంట్లో శక్తి ఎంత తగ్గిందో చూసి అప్పుడిద్దాం అనే పద్ధతి పోయింది. పరీక్షలో తేలిన ప్రతివాళ్లకీ మందు మొదలుపెడుతున్నారు. ఎక్కువమందికి రోజుకి ఒక్క మాత్ర. క్రమం తప్పకుండా వేసుకుంటే వైరస్ రక్తపరీక్షకి కూడా అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి, తగ్గినట్టే ఉన్న మనిషి నుంచి భార్యకి గానీ భర్తకి గానీ కలయిక ద్వారా హెచ్‌ఐవి సోకదు. మందు లేకపోతే తల్లి నుంచి బిడ్డకి సోకే ప్రమాదం నూటికి 15 నుంచి 45 వరకూ ఉంటుంది. మందు సరిగ్గా అందితే అది అయిదు లోపుకి పడిపోతుంది. ఒకే కంచంలో తింటే రాదు, ఒకే గ్లాసుతో తాగితే రాదు, దోమ కుడితే రాదు, చంటిబిడ్డని ఎత్తుకుంటే రాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పాల్సి వస్తోంది.

మందుంది, ఉచితంగా ఉంది, బాగా పనిచేస్తుంది. మరి మన ఆడవాళ్లు ఇంకా ఎందుకు చిక్కిపోతున్నారు? మందులు ఎందుకు మధ్యలో మానేస్తున్నారు? టి.బి. వచ్చి ఎందుకు పోతున్నారు? "చదువు లేదు, అశ్రద్ధ" అని చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ మాక్టింగర్ అనే డాక్టరు హెచ్‌ఐవి ఉన్న స్త్రీలకి వైద్యం చేసే క్లినిక్ నడిపాడు. ఆయనకీ ఇదే ప్రశ్న ఎదురైంది. ఆయనా, తోటివాళ్లూ కలిసి, అమెరికాలో హెచ్‌ఐవి ఉన్న స్త్రీల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని కలిపి లెక్కగట్టి 2012లో ప్రచురించారు. ఆ స్త్రీలలో నూటికి 55 మంది కట్టుకున్నవాడి చేతిలోనో, కలిసి బతికినవాడి చేతిలోనో హింస పడ్డవాళ్లు. నూటికి 30 మందికి ఆ గాయం మానని మానసిక జబ్బుగా మారి ఉంది. అక్కడి మామూలు స్త్రీలతో పోలిస్తే అది అయిదు రెట్లు. అదే ఏడాది వాళ్లే ఇంకో సంగతి తేల్చారు. గడిచిన నెల రోజుల్లో కొట్టించుకున్న, బెదిరించబడిన స్త్రీలలో మందు పనిచేయకుండా పోయే అవకాశం మిగతావాళ్ల కంటే నాలుగు రెట్లు ఎక్కువ. ఒకటే మందు, ఒకటే క్లినిక్, ఒకటే డాక్టరు. తేడా అంతా ఆమె తిరిగి వెళ్లే ఇంట్లో ఉంది.

అమెరికా లెక్క మనకెందుకు అంటారా? అక్కడ హెచ్‌ఐవి ఉన్న ఆడవాళ్లలో నల్లజాతి వాళ్లే ఎక్కువ. పుట్టుకని బట్టి అణచబడ్డవాళ్ల బతుకులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయని బాబాసాహెబ్‌కి తెలుసు. 1946లో ఆయన నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాసింది అందుకే. ఆ లెక్క మన ఆడవాళ్ల లెక్క కాదు, నిజమే. కానీ ఆ తలుపు తెరిచి చూస్తే లోపల కనిపించేది మనం రోజూ చూసే ఇల్లే.

ట్రామా అంటారు ఇంగ్లీషులో. మనసుకి తగిలి మానని గాయం. దీని గురించి మనకి పాఠం అక్కర్లేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసినవాళ్ల పక్కన మీరెప్పుడైనా కూర్చున్నారా? ఎన్నేళ్లయినా సరే, రాత్రిపూట వీధిలో ఒక్కసారిగా నాలుగు మోటారు సైకిళ్ల చప్పుడైతే లేచి కూర్చునేవాళ్లున్నారు. బుద్ధికి తెలుసు అది పెళ్లివాళ్ల బండి అని. ఒంటికి తెలియదు. గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి, మళ్లీ నిద్ర పట్టదు. గాయం మనసులో ఉంటుందని అంటాం గానీ అది కాపురముండేది ఒంట్లోనే. 1998లో అమెరికాలోనే ఫెలిట్టి, ఆండా అనే ఇద్దరు డాక్టర్లు వేలమంది పెద్దవాళ్లని "చిన్నప్పుడు మీ ఇంట్లో ఏం జరిగింది?" అని అడిగి చూస్తే, చిన్నతనంలో ఎన్ని దెబ్బలు తిన్నారో పెద్దయ్యాక గుండెజబ్బులూ, దిగులూ, తాగుడూ అంతంత పెరిగి కనపడ్డాయి.

ఇప్పుడు ఆ గాయాన్ని హెచ్‌ఐవి మందు పక్కన పెట్టి చూడండి. ఈ మందు పనిచేయాలంటే రోజూ, ఒకే వేళకి, ఏళ్ల తరబడి వేసుకోవాలి. మధ్యలో మానుతూ వేస్తూ ఉంటే వైరస్ ఆ మందుకి అలవాటు పడిపోతుంది, ఆ తర్వాత అదే మందు మింగినా లాభం ఉండదు. రాత్రి ఏమవుతుందో తెలియని ఇంట్లో ఉన్న మనిషి వేళ ప్రకారం మాత్ర ఎలా వేసుకుంటుంది? నిద్రలేని ఒళ్లు, ఆకలి చచ్చిన కడుపు, ఎప్పుడూ ఉలిక్కిపడుతూ ఉండే గుండె, ఇవన్నీ రోగంతో పోరాడాల్సిన శక్తిని లోపల్లోపలే తినేస్తాయి. ఇంకో సంగతి, సిగ్గుపడకుండా వినండి. హెచ్‌ఐవి ఉన్న స్త్రీకి గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతా ఆడవాళ్ల కంటే ఆరు రెట్లు. ముందే పరీక్ష చేయించుకుంటే బతుకుతుంది. కానీ బలవంతానికి గురైన మనిషి ఆ పరీక్ష బల్ల మీద పడుకోవాలంటే ఒళ్లు బిగుసుకుపోతుంది. "ఇంకోసారి వస్తానమ్మా" అని లేచి వచ్చేస్తుంది. ఆ ఇంకోసారి రాదు. కేస్ షీట్‌లో మాత్రం "రోగి సహకరించలేదు" అని రాసి ఉంటుంది.

నాకు తెలిసిన ఒకామె సంగతి చెప్తాను. ఊరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. పద్దెనిమిదో ఏట పెళ్లి. భర్తకి తెలుసు తనకి ఉందని, చెప్పలేదు. గర్భంతో ఉన్నప్పుడు పరీక్షలో ఈమెకి బయటపడింది. "నీ వల్లే నా కొడుక్కి వచ్చింది" అన్నారు అత్తింటివాళ్లు. భర్త తాగొచ్చి కొట్టేవాడు, రెండేళ్లకి పోయాడు. పాపకి మాత్రం మందు అందింది, ఆ పిల్లకి హెచ్‌ఐవి లేదు. ఈమె మాత్రల డబ్బా కదిలితే గలగలమంటుందని, అత్తగారికి వినపడుతుందని, అందులో దూది కూరేది. పెరట్లో బాత్రూమ్‌లోకి వెళ్లి, నీళ్లు లేకుండానే మింగి వచ్చేది. ఒకరోజు ఆ డబ్బా దొరికింది. ఆ రోజు నుంచి ఆమె కంచం, గ్లాసు, చాప వేరు. వసారాలో ఒక మూల. మూడు నెలలు చూసి మందు మానేసింది. ఆసుపత్రిలో "ఎందుకు మానేశావు, బుద్ధి లేదా" అని గదిమారు. ఇంట్లో ఏం జరుగుతోందని ఒక్కరూ అడగలేదు. తర్వాత ఒకసారి, ఎందుకు మానేశావక్కా అని మెల్లగా అడిగితే ఆమె అన్న మాట ఇది: "డబ్బా చేతిలోకి తీసుకుంటే చాలు, వాళ్లన్న మాటలన్నీ మళ్లీ వినపడతాయి. మింగకపోతే ఆ పూటకి ప్రశాంతంగా ఉంటది."

మరుపూ కాదు, అశ్రద్ధా కాదు. ఆ మాత్ర ఆమెకి మందుగా కనపడటం మానేసింది, తిట్టుగా కనపడుతోంది.

ఆ వేరే గ్లాసు దగ్గర కాసేపు ఆగండి. మనవాళ్లకి ఆ గ్లాసు కొత్తదా? టీ కొట్టు దగ్గర చూరులో దోపిన గ్లాసు మన తాతలది. తాగి, మనమే కడిగి, మళ్లీ అక్కడే దోపాలి. రెండు గ్లాసుల పద్ధతి మీద ఎన్ని కేసులు పెట్టాం, ఎన్ని ధర్నాలు చేశాం! మనుషులు ముట్టుకుంటే నీళ్లు మైలపడవని చెప్పడానికే గదా 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువులో దిగి నీళ్లు తాగింది. అలాంటి మనం, గోడ మీద ఆయన పటం ఉన్న ఇంట్లో, కోడలికి రెండో గ్లాసు పెడుతున్నాం. ఊరు మనల్ని చివర పెట్టినట్టే మనం ఆమెని వసారా చివర పెడుతున్నాం. మను ధర్మాన్ని కాల్చామంటాం. మరి ఆ చాప వేరుగా పరిచిందెవరు? చదివి ఊరుకోకండి, ఇవాళ మీ ఇంట్లో, మీ బంధువుల ఇంట్లో ఏ గ్లాసు ఎక్కడుందో ఒకసారి చూడండి.

ఇక కర్మ మాట. "పూర్వజన్మలో ఏం చేసిందో, ఇప్పుడు అనుభవిస్తోంది." ధమ్మ దీక్ష తీసుకున్నవాళ్ల నోట కూడా ఈ మాట వింటుంటాం, పాత అలవాటు అంత గట్టిది. సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి నేరుగా ఇదే అడిగాడు. మనిషి పడే బాధంతా వెనకటి కర్మ వల్లేనని కొందరంటున్నారు, తమరేమంటారని. బుద్ధుడు ఒప్పుకోలేదు. పైత్యం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, అవన్నీ కలిసి, రుతువుల మార్పు వల్ల, జాగ్రత్త లేక, ఇతరుల దాడి వల్ల కూడా బాధలు కలుగుతాయని వరసగా చెప్పాడు. ఎనిమిది కారణాల్లో కర్మఫలం ఒక్కటి. అంతా దాని మీదే తోసేసేవాళ్లు తాము స్వయంగా ఎరిగినదాన్నీ, లోకం ఎరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారన్నాడు. అందులో "ఇతరుల దాడి" అన్నది గుర్తుపెట్టుకోండి. రెండున్నర వేల ఏళ్ల కింద ఆయన లెక్కలో ఉన్నది మన లెక్కలో లేకుండా పోయింది. బాబాసాహెబ్ అయితే "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో ఇంకా ముందుకెళ్లి, గత జన్మ కర్మ ఈ జన్మలోకి వచ్చి పడుతుందనే సిద్ధాంతాన్నే తిరస్కరించాడు. పేదవాడి పేదరికానికి అతన్నే దోషిగా నిలబెట్టే మాట బుద్ధుడిది కాదని ఆయన వాదన. రోగికి రోగమే శిక్ష అనడం కూడా ఆ కోవలోదే.

బాణం గురించి బుద్ధుడు రెండు చోట్ల చెప్పాడు. ఒకటి మాలుంక్యపుత్తుడికి. విషం పూసిన బాణం తగిలిన మనిషి, దీన్ని వేసింది ఎవరు, ఏ కులంవాడు, ఏ ఊరివాడు, విల్లు ఏ కర్రది అని తేలేదాకా బాణం తియ్యనివ్వనంటే ఏమవుతుంది? తెలిసేలోపు పోతాడు. మనం హెచ్‌ఐవి ఉన్న స్త్రీ దగ్గర మొట్టమొదట అడిగేది ఏమిటి? "ఎలా వచ్చింది?" ఎవరి వల్ల, ఎప్పుడు, ముందు నీకా అతనికా? ఆ కథలో గాయపడ్డవాడు తనంతట తానే అడుగుతున్నాడు. ఇక్కడ ఇంకా అన్యాయం. బాణం గుచ్చుకుని ఆమె పడి ఉంటే, చుట్టూ నిలబడి అడిగేది మనం. జవాబు తేలేదాకా చెయ్యి వెయ్యం.

రెండోది సల్లత్థ సుత్తం. ఒక బాణం తగిలితే ఒంటికి నొప్పి. దానికి తోడు ఏడ్చి, కుమిలి మనసుని కూడా గుచ్చుకుంటే అది రెండో బాణం. తెలిసినవాడికి మొదటిది ఒక్కటే తగులుతుందని చెప్పాడు. ఈ సుత్తాన్ని కొందరు ఉపన్యాసకులు ఆడవాళ్ల మీద తిప్పుతారు. "అమ్మా, అంతా నీ మనసులోనే ఉంది, నువ్వే రెండో బాణం వేసుకుంటున్నావు" అని. వాళ్లకి నా విన్నపం ఒకటే. ఆమె కంచం వేరుపెట్టిన చెయ్యి ఆమెది కాదు. తిట్టిన నోరు ఆమెది కాదు. వైరస్ మొదటి బాణం అనుకుంటే రెండోదీ, మూడోదీ, నాలుగోదీ బయట నుంచి వచ్చి పడుతున్నవే. ముందు వేసేవాళ్లని ఆపండి. మనసుని ఎలా నిలబెట్టుకోవాలో తర్వాత నేర్పొచ్చు.

శీలం సంగతికొద్దాం. మూడో శీలం పేరు చెప్పి రోగుల మీద తీర్పు చెప్పేవాళ్లున్నారు. పంచశీలాలు ఎలా తీసుకుంటాం? "సమాదియామి" అంటాం. నేను స్వీకరిస్తున్నాను అని. ఎదుటివాళ్లని కొలవడానికి ఇచ్చిన కర్ర కాదది, ఎవరికి వాళ్లు వేసుకునే కట్టుబాటు. పోనీ కొలుద్దామంటే మగవాళ్ల దగ్గర మొదలుపెడదాం. పెళ్లైన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఇది వచ్చింది భర్త నుంచే. రిపోర్టు దాచి తాళి కట్టినవాడు మూడో శీలం సంగతి తర్వాత, అబద్ధం ఆడననే నాలుగోదీ, ప్రాణిహింస చెయ్యననే మొదటిదీ ఎప్పుడో తప్పాడు. ఉపాసకులారా, మీలో అనుమానం ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోండి. ఉచితం, గోప్యం. ఇంట్లో చెప్పడానికి భయమైతే అక్కడి కౌన్సెలరు సాయం చేస్తారు.

అలాగని "పాపం, అమాయక ఇల్లాలు" అనే జాలి మాటా నాకు నచ్చదు. ఆ మాట అన్నామంటే, అమాయకురాలు కానిది ఇంకొకామె ఎక్కడో ఉందని, ఆమెకి ఇది తగిన శాస్తేనని లోపల అనుకున్నట్టే. ఎవరా ఇంకొకామె? చాలాసార్లు మన వాడ పిల్లే. జోగినిగా, మాతమ్మగా దేవుడి పేరు చెప్పి ఊరికి వదిలేసిన దళిత ఆడపిల్ల. దాన్ని నేరం అంటూ 1988లో చట్టం వచ్చింది, అయినా ఆచారం పూర్తిగా పోలేదు. పెద్దకులాల మగవాళ్లు అనుభవించి వదిలేసిన ఆ మనిషికి హెచ్‌ఐవి వస్తే ఆమెది చెడునడత అవుతుందా? ఒంటరిగా పిల్లల్ని సాకడానికి ఒళ్లమ్ముకున్నామె ఉంటే, ఆమె మాత్రం మన మైత్రిలోకి రాదా? వైశాలిలో గణిక అంబపాలి భోజనానికి పిలిస్తే బుద్ధుడు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత లిచ్ఛవి రాజకుమారులు రథాలేసుకుని వచ్చి పిలిచారు. ముందు మాటిచ్చింది అంబపాలికి, అక్కడికే వెళ్తానన్నాడు. వెళ్లాడు, ఆమె చేతి వంట తిన్నాడు. ఆమె ఏ కంచంలో వడ్డించిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

రోగిసేవ గురించి వినయపిటకంలో ఒక సంఘటన ఉంది. విరేచనాల జబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. తోటి భిక్షువులు ఎవరూ చూడటంలేదు. వాళ్లకి అతని వల్ల ఉపయోగం లేదు గనక. బుద్ధుడు ఆనందుడితో నీళ్లు తెప్పించి, తాను పోస్తుంటే ఆనందుడు కడగగా, ఇద్దరూ తలా ఒకవైపు పట్టుకుని మంచం మీదికి చేర్చారు. తర్వాత సంఘాన్ని పిలిచి, మీకిక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని అడిగాడు. నాకు సేవ చెయ్యాలనుకునేవాళ్లు రోగికి చెయ్యండి అన్నాడు. ముందు కడిగాడు, బోధ తర్వాత. ఆ వరసని మనం తిరగేసుకున్నాం.

పటాచార కథ కూడా అలాంటిదే. పాము కరిచి భర్త, గద్ద తన్నుకుపోయి పసిగుడ్డు, ఏట్లో కొట్టుకుపోయి పెద్దబిడ్డ, ఇల్లు కూలి తల్లీ తండ్రీ అన్నా, ఒక్క రోజులో అందరూ పోయారు. ఒంటి మీద బట్ట జారిపోయినా తెలియని స్థితిలో తిరుగుతోంది. జనం పిచ్చిదని మట్టిబెడ్డలు విసిరారు. ఆమె సభలోకి వస్తుంటే అడ్డుకోబోతే, రానివ్వండి అన్నాడు బుద్ధుడు. చెల్లీ, స్మృతి తెచ్చుకో అని పలకరించాడు. ఒకాయన తన పైబట్ట తీసి ఆమె మీదికి విసిరాడు. ధమ్మం చెప్పింది ఆ తర్వాతే. ఆమె భిక్షుణి అయింది, వినయంలో అగ్రగణ్య అయింది, బిడ్డల్ని పోగొట్టుకున్న ఎందరో స్త్రీలకి గురువైంది. అంతా అనిత్యం అనే మాట నిజమే గానీ, ఒంటి మీద బట్ట లేని మనిషికి ముందు కావాల్సింది బట్ట.

ధ్యానం నేర్పేవాళ్లకి ఒక హెచ్చరిక. హింస పడ్డ మనిషిని కళ్లు మూసుకుని కదలకుండా శ్వాస చూసుకోమంటే, కొందరికి హాయికి బదులు ఆ పాత రాత్రి మళ్లీ కళ్ల ముందుకొస్తుంది. ఒళ్లు వణుకుతుంది, ఊపిరాడదు. "సంస్కారాలు పైకొస్తున్నాయి, ఓర్చుకో" అని బలవంతంగా కూర్చోబెట్టొద్దు. కళ్లు తెరిచి కూర్చోనివ్వండి. తలుపు దగ్గర కూర్చోనివ్వండి. పాదాల కింద నేలని గమనించమనండి, నడుస్తూ చెయ్యమనండి, ఇష్టం లేకపోతే మానెయ్యమనండి. పది రోజుల శిబిరానికి పంపేముందు డాక్టర్ని అడగాలి, మాత్రలు వెంట తీసుకెళ్లాలి. ధ్యానం చేస్తే మందు అక్కర్లేదని ఎవరైనా చెబితే, ఆ మనిషి చెప్పేది ధమ్మం కాదు.

చట్టం ఏమంటోందో తెలుసుకోండి, మనది చట్టం రాసినవాడి బాట. హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగంలో, ఆసుపత్రిలో, బడిలో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదు. ఆమె ఒప్పుకోకుండా ఆమె సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. కలిసి ఉంటున్న ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదు. వివక్ష జరిగితే ఫిర్యాదు తీసుకోవడానికి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలి. కొట్టి హింసిస్తే 2005 గృహహింస చట్టం ఉంది. భర్త పోతే అతని ఆస్తిలో భార్యకి వాటా ఉంది. వారసత్వ చట్టంలో బౌద్ధులం మనమూ వస్తాం, "మీరు మతం మారారు, మీకు రాదు" అంటే నమ్మొద్దు. రెండు రాష్ట్రాల్లోనూ పింఛను ఉంది. వీటిలో దేనికైనా కాగితాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగడం ఒంట్లో బాగోని మనిషి వల్ల కాదు. మన యువజన సంఘం పిల్లలు ఫ్లెక్సీలు కట్టే ఓపికలో సగం ఇక్కడ పెట్టినా చాలు.

పైన చెప్పానే, ఆ అక్క మళ్లీ మందు మొదలుపెట్టింది. పెద్ద ప్రసంగాలేవీ చెయ్యలేదు ఎవరూ. మహిళా సంఘంలో ఒక పెద్దావిడ, ఆమె కూడా విధవే, నెలకోసారి ఆసుపత్రి రోజున ఆమెతో బస్సెక్కేది. ఏమీ అడిగేది కాదు. లైన్లో పక్కన నిలబడేది, తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే పొట్లంలో బఠాణీలు తినేవాళ్లు. మాత్రల డబ్బా ఈ పెద్దావిడ ఇంట్లోనే పెట్టుకుని, పొద్దున నీళ్లకి వచ్చినప్పుడు వేసుకుని వెళ్లేది. నాలుగు నెలలకి, అడక్కుండానే, జరిగిందంతా తనే చెప్పింది. టి.బి. తగ్గడానికి ఇంకా కొంత కాలం పట్టింది. అత్తింటివాళ్లు మారలేదు, ఆమె పాపని తీసుకుని వేరే గది చూసుకుంది. అప్పుడప్పుడు ఇంకా నిద్ర పట్టదంటుంది. కానీ మందు తప్పడంలేదు.

విహారం నడిపేవాళ్లకి నేను అడిగేది అలాంటిదే. ఇద్దరు ఉపాసికలు ముందుకు రావాలి, నోరు జారనివాళ్లు. వాళ్ల ఫోన్ నంబర్లు మహిళా సభ్యులందరి దగ్గరా ఉండాలి. ఆసుపత్రికి తోడు కావాలన్నా, మాత్రల డబ్బా పెట్టుకోవడానికి చోటు కావాలన్నా, రాత్రి ఇంట్లోంచి బయటపడాల్సి వచ్చినా, కారణం అడక్కుండా వెళ్లేవాళ్లు. ఆమెకి హెచ్‌ఐవి ఉందని ఆ ఇద్దరికి తప్ప కమిటీకి కూడా తెలియనక్కర్లేదు. పున్నమి రోజు వంటలో ఆమె కూడా ఉల్లిపాయలు తరిగితే, అందరితో కలిసి వడ్డిస్తే, ఎవరూ ముఖముఖాలు చూసుకోకుండా తింటే, సగం వైద్యం అక్కడ జరుగుతుంది.

హెచ్‌ఐవి గురించి ఏ సందేహమున్నా 1097కి ఫోన్ చెయ్యండి, డబ్బు పడదు. మనసు బాగోలేక చచ్చిపోవాలనిపిస్తుంటే 14416, టెలీ మానస్, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ విహారంలో ఆడవాళ్లు చెప్పులు విడిచే చోట, గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. హాలు లోపల వద్దు. అందరి ముందూ నిలబడి రాసుకోవాలంటే ఎవరూ రాసుకోరు.

భవతు సబ్బ మంగళం.
జై భీమ్.